మూగ రేడియో

సంచి సర్దడం ఆమెకు చేతకాక కాదు, సర్దిన సంచిని విప్పకుండా ఉండడమే చేతకాదు. భర్త తీసి పక్కన పెట్టిన బిస్కెట్ పొట్లాలను, రెండో నీళ్ళ సీసాను అతను చూడకుండా అడుక్కి తోసి, పైన ఉన్ని చొక్కా పరిచింది.

"మళ్ళీ విప్పావా? నేను వెళ్ళేది వారానికి, వలసకు కాదు," అన్నాడు భర్త.

అతను సర్వేయరు. కొలతల కోసం కొండల్లోకి వెళ్తే అక్కడ ఫోను పనిచేయదు. అందుకని ఆమె తమ్ముడు అరచేతిలో ఇమిడే రేడియోలు రెండు తెచ్చాడు. వీటికి టవరుతో పనిలేదు. టైపు చేసిన మాట కొండ కొమ్మున పెట్టిన పెట్టె మీదికి గెంతి, అక్కడి నుంచి ఇంటికి గెంతుతుంది. దారిలో ఎవరూ చదవకుండా మాటకు తాళం పడుతుంది. అది తెరుచుకోవాలంటే రెండు రేడియోల్లోనూ ఒకే తాళంమాట ఉండాలి.

ఫోన్ల రిపేరు కొట్టు నడిపే తమ్ముడు ఆ పొద్దున హడావుడిగా వచ్చి, బల్ల మీదున్న ఇంటి రేడియో సెట్టింగులు తెరిచాడు.

"పాత తాళంమాట మరీ తేలిగ్గా ఉందక్కా. మార్చేస్తున్నా."

"బావదీ మార్చావా?"

"ఆఁ, ఆఁ, అయిపోయింది. కొట్టు తెరవాలి, వెళ్తున్నా."

"వెళ్తున్నా అనకూడదురా, వెళ్ళొస్తా అనాలి. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

"హాస్టల్లో పెరిగినవాణ్ణి, నాకెవరు నేర్పారు?" అని నవ్వుతూ మెట్లు దిగిపోయాడు.

భర్త మాత్రం గుమ్మంలో ఆగి, వెనక్కి తిరిగి, "వెళ్ళొస్తా" అన్నాడు.

వారం దాటింది. అతను రాలేదు. ఆ మర్నాడు రేడియోలో అతని పేరు మీద ఒక కబురు వచ్చింది. "వెళ్తున్నా. నా కోసం చూడొద్దు."

పోలీసులు అది చదివి, మీ ఇంటి గొడవలు మాకెందుకన్నారు. అత్తగారు మంచం దిగడం మానేసింది. ఆమె రేడియోను కొంగున చుట్టుకుని, ప్రెస్సు మేడ మీద గది అద్దెకు తీసుకున్న డిటెక్టివ్ దగ్గరకు పరుగున వెళ్ళింది.

డిటెక్టివ్ సన్నగా, మాటల్లో పొదుపుగా ఉండే మనిషి. ఆయన అసిస్టెంటు లావుపాటి మాజీ టైపిస్టు. డిటెక్టివ్ తుమ్మినా అందులో ఏదో తెలివి ఉందని నమ్ముతాడు.

"మొదటి రోజే కబురు వచ్చిందా?" అడిగాడు డిటెక్టివ్.

"రాలేదండీ. ఆయన బయల్దేరిన పొద్దునే మా తమ్ముడు రెండింటికీ తాళంమాట మార్చాడు కూడా. తమ్ముడి కొట్టుకు వెళ్ళి ఒకటే ఏడుపు. ఆ సాయంత్రం నుంచి 'బాగున్నా' అని రోజూ వచ్చింది."

"రేడియో ఇంకెప్పుడైనా పలికిందా?"

"పలకదండీ. పొద్దునా సాయంత్రం దాని దీపం మాత్రం మిణుకుమంటుంది. తెరిచి చూస్తే మాటేమీ ఉండదు. ఇవాళ పొద్దున కూడా మిణుకుమంది."

డిటెక్టివ్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇవాళ కూడానా? పదండి. మీ తమ్ముణ్ణీ అత్తగారినీ ఒకచోట కూర్చోబెట్టండి. ఆలస్యం పనికిరాదు."

కుట్టుమిషను ఉన్న ముందుగదిలో అందరూ చేరారు. బట్టలు కుట్టేది ఆమే. అత్తగారు గోడకు ఆనుకుంది. తమ్ముడు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ప్రతి కబురు వెంటా అది ఎన్ని గెంతులు వేసి వచ్చిందో రాసి ఉంటుంది," అన్నాడు డిటెక్టివ్. "కొండల్లోంచి వచ్చే మాట కొమ్మున ఉన్న పెట్టెను తొక్కకుండా రాలేదు. ఈ 'బాగున్నా'లకు ఒక్క గెంతు కూడా లేదు. నేరుగా వచ్చాయి."

"అంటే నా కొడుకు ఊళ్ళోనే దాక్కున్నాడా నాయనా?"

"లేదమ్మా. కబురు మీద ఉన్నది పేరు మాత్రమే. సెట్టింగుల్లో ఎవరు ఏ పేరైనా టైపు చేసుకోవచ్చు." ఆయన ఆమె వైపు తిరిగాడు. "మీవారు గడప దాటేటప్పుడు ఏమంటారమ్మా?"

"వెళ్ళొస్తా అంటారు. ఎప్పుడూ..."

ఆ మాట సగంలో తెగింది. ఆమె తమ్ముడి ముఖం చూసింది. వాడు నేల చూశాడు.

"మరి ఆ దీపం సంగతేంటి సార్?" అసిస్టెంటు ఉండబట్టలేకపోయాడు.

"మాట గాలిలో అందితేనే అది వెలుగుతుంది. తాళం కలవకపోతే మాట తెరుచుకోదు. కొండ మీది పెట్టెకు మోయడమే పని, చదవడంతో పనిలేదు. పాత తాళంతో ఎవరో ఈ ఇంటిని రోజూ రెండు పూటలా పిలుస్తున్నారు."

ఆమె కుట్టుమిషను అంచు పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆ దీపాన్ని చూసి, రేడియో పాడైందనుకుని చీరకొంగుతో తుడిచి పెట్టింది.

"బాబూ," అన్నాడు డిటెక్టివ్ నెమ్మదిగా, "నిన్ను పట్టిచ్చేందుకు రాలేదు. పాత తాళంమాట నీకొక్కడికే తెలుసు. చెప్పు."

"కుట్టుమిషను," అన్నాడు తమ్ముడు. "బావ రేడియో అప్పటికే సంచిలోకి వెళ్ళిపోయిందక్కా. మళ్ళీ విప్పిస్తే ఆలస్యమవుతుందని మార్చానని చెప్పేశా. నువ్వు కొట్టుకొచ్చి ఏడుస్తుంటే తట్టుకోలేక ఆ ఒక్క రోజుకని కొట్టులో ఉన్న ఇంకో రేడియో నుంచి బావ పేరు పెట్టి పంపా. ఆయన వచ్చాక చెప్పేద్దామనుకున్నా. రాలేదు. నా వల్లే చచ్చిపోయాడనుకున్నా. వెతికితే నా సంగతి బయటపడుతుందని..."

"వదిలేసి పోయాడని నమ్మించావా?" అంది అత్తగారు.



డిటెక్టివ్ పాత తాళంమాట పెట్టాడు. పోయినవి తెరుచుకోవు, కొత్తగా వస్తేనే చదవగలం అన్నాడు. అతని రేడియోది ఎండ తగిలితే నిండే బ్యాటరీ, అందులో ఎంత మిగిలిందో ఎవరికి తెలుసు? ఆమె రేడియోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కిటికీలో ఎండ పలచబడింది. అసిస్టెంటు ఊపిరి కూడా చప్పుడు కాకుండా తీశాడు.

దీపం మిణుకుమంది.

"పాత గని దగ్గర ఉన్నా. కాలు విరిగింది. బిస్కెట్లు అయిపోయాయి. వింటున్నావా?"

"వింటున్నా," అని కొట్టడానికి ఆమెకు మూడుసార్లు వేలు జారింది.

ఇల్లంతా ఒక్కసారి కదిలింది. అసిస్టెంటు ఫోను అందుకున్నాడు, డిటెక్టివ్ పటం పరిచాడు, అత్తగారు లేచి నిలబడింది. ఆ సందడిలో గుమ్మం దగ్గర నుంచి తమ్ముడి గొంతు వినిపించింది.

"అక్కా, వెళ్తున్నా."

ఆమె విన్నది. కళ్ళు రేడియో మీదే ఉన్నాయి. ఈసారి దిద్దలేదు.

సర్వేయరు ఆదివారం కట్టు కాలితో ఇంటికి వచ్చాడు. తమ్ముడు కబురు అందిన ఆ గురువారం సాయంత్రమే వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.