అచ్చాయమ్మ బొమ్మ వేసిన సీసాలు

ఆదివారం పొద్దున్నే మొగల్తూరులోని ఆ ఇంట్లో రొయ్యల పచ్చడి ఘాటుకు అందరూ తుమ్ముతున్నారు. పొయ్యి దగ్గర అచ్చాయమ్మ రొయ్యలు వేయిస్తోంది. వసారాలో కొడుకు గణేష్‌బాబు సీసాలకు లేబుళ్లు అంటిస్తున్నాడు. మంగళవారానికల్లా నరసాపురంలోని ఓ దుకాణానికి ఇవ్వాల్సిన మొదటి ఆర్డరు అది. ఈ సరుకు నచ్చితే ఇక రొయ్యల చెరువుల మీద కూలికి వెళ్లక్కర్లేదని అతని ఆశ.

భీమవరంలో ఉద్యోగం చేస్తున్న అక్క సాయిదుర్గ అప్పుడే బస్సు దిగి వచ్చింది. ఆ ఇంట్లో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. ఒక సీసా చేతిలోకి తీసుకుని చూస్తూ ఉండిపోయింది. లేబులు మీద తల్లి. సముద్రపు ఒడ్డున, పెద్ద గొడుగు కింద, జుట్టు చెదిరిపోయి పకపకా నవ్వుతోంది.

“ఈ ఫొటో ఎక్కడిదిరా?”

“ఫేస్‌బుక్‌లో దొరికింది. ఎవరో మెర్సీ గారంట, రాజమండ్రి. అదిరింది కదా?”

“ఆవిణ్ణి అడిగావా?”

“మా అమ్మ ఫొటోకి ఆవిణ్ణి అడగడమేంటక్కా?”

“మొహం అమ్మదే. ఫొటో మాత్రం తీసినావిడది. ఫేస్‌బుక్‌లో పెట్టినంత మాత్రాన అందరిదీ అయిపోదు. అమ్మకానికి పెట్టే సరుకు మీద వేయాలంటే ఆవిడ రాసివ్వాలి. పైగా ఈ గొడుగు చూడు, కూల్‌డ్రింక్ కంపెనీ పేరు ఎంతుందో! పచ్చడి కూడా వాళ్లదే అనుకుంటారు జనం. వాళ్లు ఊరుకుంటారా?”

“వచ్చేశావా రూల్సు పట్టుకుని! నేనేం మొదలెట్టినా నీకు నచ్చదు. చదువుకున్నదానివి కదా!”

“చదువుకున్నాను కాబట్టే చెప్తున్నా. రేపు నోటీసొస్తే ఆ దుకాణం వాళ్లు నీ మొహం మళ్లీ చూస్తారా?”

మాటలు పెద్దవయ్యాయి. అచ్చాయమ్మ గరిటె పట్టుకునే వసారాలోకి వచ్చింది.

“ఏంట్రా ఆ గోల? వీధంతా వినపడుతోంది.”

కూతురి చేతిలోని సీసా చూసి ఆగింది. “ఇది నేనేనా?”

“నీకు చెప్పకుండా చేద్దామనుకున్నానమ్మా. తర్వాత చూసి సంబరపడతావని...” గణేష్‌బాబు నసిగాడు.

అచ్చాయమ్మ కూతురి వైపు తిరిగింది. “ఫొటో తీసినావిణ్ణి అడగాలి. గొడుగు వాళ్లతో పేచీ రాకూడదు. అంతా బాగానే ఉంది. మరి నన్నెవరడుగుతారే?”

అన్ని రూల్సు చెప్పిన సాయిదుర్గకు ఆ ఒక్క ప్రశ్న తట్టనే లేదు. అమ్మ కాదనదులే అని కూడా అనుకోలేదు. అసలు అమ్మను అడగాలనే తోచలేదు. కళ్లు నిండిపోయాయి.

“తప్పయిందమ్మా. ఇప్పుడడుగుతున్నా. నీ బొమ్మ వేసుకోమంటావా? వద్దంటే తీసేస్తాం.”

అచ్చాయమ్మ మెల్లగా పీట మీద కూర్చుంది. “ఇది ఏ రోజుదో తెలుసా? తుఫానుకి మీ నాన్న పడవ రెండు రోజులు జాడ లేకుండా పోయిందే, అది క్షేమంగా తిరిగొచ్చిన పొద్దున్న. ఒడ్డున ఉన్నోళ్లందరూ ఏడ్చారు. నాకేమో నవ్వు ఆగలేదు.” లేబుల్ని వేలితో తడిమింది. “వెయ్యండి. కానీ ఆ అమ్మాయిని అడిగే వెయ్యండి.”

గణేష్‌బాబు వెంటనే మెర్సీ నంబరు సంపాదించి, ఫోను స్పీకర్‌లో పెట్టి సంగతంతా చెప్పాడు.

“అయ్యో, ఆవిడ మీ అమ్మగారా అండి? ఆ రోజు హడావిడిలో పేరైనా అడగలేదండి. ఫేస్‌బుక్‌లో పెట్టేముందు నేనూ ఆవిణ్ణి అడగాల్సింది.”

“ఇప్పుడడిగావుగా అమ్మాయ్,” అంది అచ్చాయమ్మ దర్జాగా. “సరేనంటున్నా.”

అందరూ ఒక్కసారి నవ్వారు. పచ్చడి సీసాల మీద వాడుకోమని రాసిస్తానంది మెర్సీ. గొడుగు లేకుండా ఫొటో తనే సరిచేసి పంపుతానంది. లేబులు మీద ఓ మూల తన పేరుంటే చాలంది. దుకాణదారుకు గణేష్‌బాబు ఉన్నదున్నట్టు చెప్పాడు. నాలుగు రోజులు ఆగుతానన్నాడాయన. అక్కా తమ్ముడూ వేడినీళ్ల బేసిన్ దగ్గర కూర్చుని, ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటూ పాత లేబుళ్లు ఊడదీశారు.

మధ్యాహ్నానికి మెర్సీ పంపిన కాగితం ఫోనులోకి వచ్చింది. సాయిదుర్గ గట్టిగా చదివింది. “ఫొటోలో ఉన్న అచ్చాయమ్మ గారి ఇష్టంతో...”

“గారు అని రాసిందా?”

“రాసిందమ్మా.”

అచ్చాయమ్మ పమిట సర్దుకుంది. “ఏదీ, ఇంకోసారి చదువు. పెరట్లో ఉన్న మీ నాన్నకి కూడా వినపడాలి.”