వెన్‌హోల్మ్ లాకులో లాంచీ

ఆస్వాల్డ్ టాప్లీ శవం గురువారం పొద్దున నీటిమర కాలవలో బోర్లా తేలింది. ముసలాయన కాలు జారి పడ్డాడని వెన్‌హోల్మ్ ఊరంతా అనుకుంది. వానకి రాళ్ళు పాచిపట్టి ఉన్నాయి కాబట్టి అలా అనుకోవడంలో తప్పులేదు. ఆయన పిక్క మీద గుండుసూది గుచ్చినట్టు నల్లటి చుక్క ఒకటి ఉందన్న సంగతి లండన్ నుంచి వచ్చిన డాక్టరు ఒక్కడే గమనించాడు. గమనించి, ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్పాడు.

మధ్యాహ్నానికల్లా కర్నల్ స్ట్రాహన్ నుంచి ఏజెంట్ పెండ్రీకి పిలుపొచ్చింది.

"వెన్‌హోల్మ్ నీకు తెలుసుగా?"

"డాక్టర్ హ్రుష్కాని అక్కడ దాచింది నేనే కదండీ."

కిందటేడు చేపల లారీలో, ఐసు పెట్టెల మధ్య, హ్రుష్కాని సరిహద్దు దాటించి తెచ్చింది పెండ్రీయే. రాకెట్ ఇంధనం గుట్టు తెలిసిన ఆ శాస్త్రవేత్త ఇప్పుడు క్రేన్ అనే పేరుతో వెన్‌హోల్మ్ చర్చిలో ఆర్గన్ వాయిస్తున్నాడు. "ఇక్కడ మిమ్మల్ని ఎవరూ తాకలేరు డాక్టర్ గారూ," అని చేతిలో చెయ్యేసి మాటిచ్చిందీ పెండ్రీయే.

"టాప్లీ శనివారం శనివారం టూరిస్టులకి ఊరు తిప్పి చూపించేవాడు. పోయిన వారం ఒకడు ఊరి సంగతి వదిలేసి, ఆర్గన్ వాయించేది ఎవరని అడిగాడట. అలా ఎవరైనా అడిగితే చెప్పమన్నాం కాబట్టి ముసలాయన మనకి ఫోన్ చేశాడు. తర్వాత కాలవలో తేలాడు. ఆ అడిగినవాడు ఈ శనివారం మళ్ళీ వస్తాడు. వాణ్ణి కలవడానికి ఇలోనా వార్గా కూడా వస్తుంది."

"ఆవిడ మన మనిషా, వాళ్ళ మనిషా?"

"ఇద్దరి దగ్గరా జీతం తీసుకుంటోంది. పని మాత్రం మనకే చేస్తోందని నా నమ్మకం."

"హ్రుష్కాని ఇవాళే అక్కణ్ణుంచి తీసుకొచ్చేద్దాం కర్నల్."

"ఎర తీసేస్తే చేప పడుతుందా? కోడ్ ఇది: ఇలోనా పెద్ద వరద ఏదని అడుగుతుంది. ఎవడు 1809 అంటాడో వాడే మనం వెతికేవాడు. టాప్లీ చుట్టానివని చెప్పి ఆ టూరు నువ్వు నడిపించు, వాణ్ణి గుర్తుపట్టు, అంతే. మిగతాది మా పని."

బల్ల మీద ఒక చెవిటి మిషన్ పెట్టాడు కర్నల్. అందులో రేడియో ఉంది.

"ఇందులో మా మాట నీకు వినిపిస్తుంది."

"నేనేమైనా చెప్పాలంటే?"

"నువ్వు చెప్పాల్సిందేమీ ఉండదు."

*

టాప్లీ చెల్లెలు మిస్ వినిఫ్రెడ్ టాప్లీ వెన్‌హోల్మ్ బడిలో పంతులమ్మగా పనిచేసి రిటైరైంది. దుఃఖంలో ఉన్న ఇంటికి తను చుట్టంగా వేషం కట్టుకుని రావడం పెండ్రీకే సిగ్గుగా ఉంది. ఆవిడకి మాత్రం నిజం చెప్పారు. శుక్రవారం ఆవిడ తలుపు తీసి, అతని కొత్త కళ్ళద్దాలు, ముతక ఉన్ని కోటు, చెవిలో మిషన్ వరసగా చూసింది.

"మా అన్నయ్య నదిలో పడే మనిషి కాడు. పుట్టినప్పట్నుంచీ ఆ గట్టు మీదే నడిచాడు. చంపినవాణ్ణి పట్టుకుంటారా?"

"ప్రయత్నిస్తానండీ."

"అయితే కూర్చోండి. రేపు తేదీలు తప్పుచెప్పి మా అన్నయ్య పరువు తీయకండి."

సాయంత్రం దాకా ఆవిడ చెబుతూనే ఉంది, అతను వల్లెవేస్తూనే ఉన్నాడు. టీ చల్లారిపోయింది. కిటికీలోంచి ఆర్గన్ సంగీతం సన్నగా వినిపిస్తోంది. వీధి దాటి వెళ్ళి "డాక్టర్ గారూ, పదండి పోదాం" అనడానికి పెండ్రీకి క్షణం పట్టదు. ఆర్డరు మాత్రం లేదు.

*

శనివారం మంచి ఎండ కాసింది. టూరిస్టులు చర్చి గేటు దగ్గర పోగయ్యారు. పెన్షన్ పుచ్చుకునే జంటలు కొందరు, డెన్మార్క్ నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు, గొడుగు చేతికి తగిలించుకున్న లావుపాటి మిస్టర్ లుడ్లో, తెల్ల గ్లవ్స్ తొడుక్కున్న ఇలోనా. ఇంగ్లండులో ఎండపూట గొడుగు తెచ్చినవాణ్ణి ఎవరూ వింతగా చూడరు. చూపులన్నీ ఇలోనా మీదే ఉన్నాయి. మిస్ టాప్లీ నల్లబట్టల్లో వెనక నిలబడింది.

చర్చి గోడలో పాత వరదల గుర్తులు చెక్కిన రాయి ఉంది. పెండ్రీ అక్కడ ఆగాడు. అన్నిటికంటే పైన, మనిషి నెత్తి ఎత్తున, 1774 అని కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

"వీటిలో పెద్ద వరద ఏదంటారు?" ఇలోనా ఎవర్నీ చూడకుండా అడిగింది.

"1809 అనుకుంటాను," అన్నాడు లుడ్లో నిదానంగా.

డేనిష్ అమ్మాయి ఫక్కున నవ్వింది. "మీకు కళ్ళజోడు కావాలి సార్."

వీడే. సరిగ్గా అప్పుడే పెండ్రీ చెవిలో కర్నల్ గొంతు పలికింది.

"పెండ్రీ, చిన్న ఇబ్బంది వచ్చింది. మా కార్లు అవతలి ఒడ్డున ఆగిపోయాయి. వంతెన మధ్యలో గడ్డి లారీ ఇరుక్కుంది. వాడితో మాట కలపకు, వాణ్ణి తాకకు. టూరు సాగదియ్యి."

సాగదీశాడు. నార్మన్ల కాలం నాటి బండ బురుజు చూపించాడు. చర్చి తలుపుకి అంతర్యుద్ధంలో తగిలిన తుపాకి గుళ్ళ దెబ్బలు చూపించాడు. లోపల హ్రుష్కా ఆర్గన్ సాధన చేస్తున్నాడు. తలుపు దగ్గరే ఇలోనా వెనకబడింది. పెండ్రీ తల తిప్పేలోపు ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

అతను అడుగు వెయ్యబోయాడు. చీలమండకి ఏదో చల్లగా తగిలింది, గొడుగు మొన.

"ఈ చెట్టు గురించి చెప్పండి మాస్టారూ," లుడ్లో చెవి దగ్గర మెల్లగా అన్నాడు. "ఆపకుండా చెబుతూ ఉండండి. ముసలాయన మధ్యలో ఆపాడు, పాపం."

టాప్లీ పిక్క మీది నల్లచుక్క ఎలా వచ్చిందో పెండ్రీకి అర్థమైంది. సమాధుల మధ్య పెరిగిన వెయ్యేళ్ళ నాటి యూ చెట్టు గురించి చెప్పసాగాడు. దాని కొమ్మలతో విల్లులు చేసేవారని, పశువులు తింటే చస్తాయని. సగంలో ఆర్గన్ ఆగిపోయింది. పాట ముగిసి ఆగలేదు. ఒక స్వరం మీద చెయ్యి బరువుగా పడిపోయినట్టు మూలిగి, ఆగింది.

"అయ్యో, బాగా వాయిస్తున్నాడే," అన్నాడొక పెన్షనరు.

"భేష్ పెండ్రీ," అంది చెవిలో గొంతు. "అంతా సవ్యంగా సాగుతోందనుకుంటాను."

చెవిటి మిషన్ పీకి నేలకేసి కొట్టాలనిపించింది. లుడ్లో పక్కనే, పాత స్నేహితుడిలా భుజం రాసుకుంటూ నడుస్తున్నాడు. వితంతువుల సత్రం ఇళ్ళు దాటారు, నీటిమర దాటారు. టాప్లీ తేలిన చోట ఎవరో బంతిపూలు పెట్టారు. అక్కడ లుడ్లో మర్యాదగా టోపీ తీశాడు.

చర్చి వెనక దారిలోంచి ఇలోనా వచ్చింది. ఆవిడ భుజం మీద వాలి, కాళ్ళీడుస్తూ హ్రుష్కా. "పాపం, ఎండదెబ్బ," అంటోంది ఆవిడ ఎదురైనవాళ్ళతో. జనం జాలిగా దారిచ్చారు. గట్టున కట్టి ఉన్న తెల్ల లాంచీలోకి అతన్ని ఎక్కించింది.

అప్పుడర్థమైంది పెండ్రీకి. చంపడానికి కాదు, ఎత్తుకుపోవడానికి వచ్చారు. లాకు దాటితే కింద నది ఖాళీ. ఏ మలుపులో ఏ పెద్ద పడవ కాచుకుని ఉందో. సాయంత్రానికి సముద్రం.

లాకు సూపర్వైజరు పూలపోటీకి వెళ్ళాడు. అలాంటప్పుడు పడవవాళ్ళే తూములు తిప్పుకోవడం అక్కడి అలవాటు. ఎగువ, దిగువ తలుపుల మధ్య ఉన్న లాకు గదిలోకి లాంచీ వచ్చింది. లాంచీ నడపడానికి ఆ పూటకి కుదిరిన ఊరివాడు నెడ్ స్కోబీ ఎగువ తలుపులు మూసి, తూములు దించి, దిగువకి పోయి అక్కడి తూములు ఎత్తే చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. గదిలో నీళ్ళు దిగసాగాయి. రెండు వైపులా తడిగోడలు పైకి లేస్తున్నట్టున్నాయి. డెక్కు మీద బెంచీలో ఒరిగిన హ్రుష్కా కళ్ళు సగం తెరిచి పైకి చూశాడు. పెండ్రీని గుర్తుపట్టాడు. పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఆ చూపులో భయం లేదు. నువ్వున్నావుగా అన్నట్టు చూశాడు. భయపడి ఉంటే పెండ్రీకి ఇంతకంటే తేలికగా ఉండేది.

గొడుగు మొన మళ్ళీ బూటుకి ఆనింది, కాళ్ళు చేతులు కదిపే వీల్లేదు. మిగిలిందల్లా నోరు. అది కూడా పక్కవాడు వింటూనే ఉన్నాడు.

"ఈ లాకుకి పెద్ద చరిత్ర ఉందండీ," అన్నాడు పెండ్రీ, గొంతు పెంచి. "1643లో రాజు సైనికులు ఒక ఖైదీని పడవలో ఇదే లాకులోకి తెచ్చారు."

వెనకనుంచి మిస్ టాప్లీ గొంతు ఖంగుమంది. "1643లో ఇక్కడ లాకెక్కడిది? ఇది కట్టింది 1773లో. నిన్న నాలుగుసార్లు చెప్పించాను మీచేత."

"1643 అండీ," పెండ్రీ ఆవిడనే చూస్తూ అన్నాడు. "ఊళ్ళో ఒక స్త్రీ ఉండేది. ఆవిడ అన్నని ఆ సైనికులే చంపి నదిలో పడేశారు. ఆవిడ ఏంచేసిందంటే, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా వెళ్ళి, ఎగువ తూములు ఎత్తేసింది. పైనుంచి నీళ్ళు దూకుతుంటే దిగువ తలుపులు ఇంకెలా తెరుచుకుంటాయి?"

ఆవిడ మొదట అతన్ని చూసింది, తర్వాత అతని పక్కన గొడుగు పట్టుకున్న మనిషిని, అతని బూటుకి ఆనించిన గొడుగు మొనని.

"బొత్తిగా చదువులేని మాటలు," అని విసుక్కుని, చేతికర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయింది.

అర్థమై వెళ్ళిందో, కోపమొచ్చి వెళ్ళిందో పెండ్రీకి తెలియలేదు. లుడ్లో సన్నగా నవ్వాడు. "కుటుంబ కలహమా?"

నీళ్ళు దిగుతూనే ఉన్నాయి. దిగువ తలుపుల మధ్య సందులో వెలుతురు సన్నని గీతలా మెరిసింది. నెడ్ తలుపు దూలానికి వీపు ఆనించి నెట్టడం మొదలుపెట్టాడు. తలుపు కదిలింది. ఇలోనా ఇంజను స్టార్ట్ చేసింది. పెండ్రీ ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఏం చెబుతున్నాడో అతనికే తెలియడం లేదు.

ఎగువనుంచి హోరుమని శబ్దం వచ్చింది.

తూముల్లోంచి దూకిన నీళ్ళు తెల్లగా గదిలోకి విరుచుకుపడ్డాయి. లాంచీ ముక్కు గిర్రున తిరిగి గోడకి గుద్దుకుంది. తెరుచుకోబోయిన తలుపులు ఆ ఒత్తిడికి ధడాలున మూసుకున్నాయి. నెడ్ వెల్లకిలా పడ్డాడు.

"ఏంటి టీచరమ్మా ఇది?" అంటూ లేచి అరిచాడు. "దించండి, దించెయ్యండి."

"దించను నెడ్ స్కోబీ. నువ్వే నీ తూములు దించు. చిన్నప్పుడూ చెప్పిన మాట వినేవాడివి కాదు."

నెడ్ నోరు మూసుకుని తన తూములు దించాడు. ఇద్దరు బిడ్డల తండ్రి అయినా ఆవిడ గొంతు వింటే అతని చేతులు వాటంతటవే పనిచేశాయి.

లుడ్లో అటు తల తిప్పాడు. పెండ్రీకి ఆ కాస్త చాలు. కాలు లాక్కుని భుజంతో గుద్దాడు. లావుపాటి మనిషి గట్టు రాయి మీద జారి, గొడుగుతో సహా దొర్లి లాకులో పడ్డాడు. నీళ్ళలో ఒకసారి పైకి తేలాడు. గొడుగు విషపు మొన తన తొడలోనే దిగిందని అప్పటికే తెలిసినట్టుంది, ఈదడానికి ప్రయత్నమేమీ చెయ్యలేదు.

నీళ్ళతోపాటు లాంచీ కూడా పైకి లేచింది. దానితోపాటు ఇలోనా కూడా మెల్లమెల్లగా పెండ్రీ కళ్ళెత్తుకి వచ్చింది. తడిసిన గ్లవ్స్ విప్పి పక్కన పెట్టి, సిగరెట్టు తీసింది. అగ్గిపుల్ల వెలగలేదు.

"కర్నల్‌తో చెప్పు," అంది. "ఆయన నమ్మకం నాకూ నచ్చింది. అందుకే ఇంతకాలం పాడుచెయ్యలేదు."

*

కర్నల్ చివరికి ఎవరిదో చిన్న పడవ అడిగి నది దాటి వచ్చాడు. మోకాళ్ళదాకా తడిశాడు. వంతెన ఖాళీ అయ్యాక కార్లూ వచ్చాయి, ఇలోనాని తీసుకెళ్ళారు. హ్రుష్కాని దుప్పట్లో చుట్టి ఇంకో కారెక్కించారు.

"ఇప్పుడు ఏ ఊరు?" హ్రుష్కా మత్తుగా అడిగాడు. "అక్కడ ఆర్గన్ ఉంటుందా?"

"కనుక్కుంటాను డాక్టర్ గారూ," అన్నాడు పెండ్రీ. ఈసారి మాటివ్వలేదు. ఆ ఊరేదో తనకి చెప్పరని అతనికి తెలుసు.

మిస్ టాప్లీ లాకు దూలం మీద కూర్చునే ఉంది. లుడ్లో శవాన్ని నీళ్ళలోంచి తీసి గడ్డి మీద పడుకోబెట్టినప్పుడు ఒక్కసారి చూసింది. అంతే, మళ్ళీ అటు చూడలేదు. అన్నయ్య తిరిగి రాలేదు, రాడు కూడా. పెండ్రీ వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

కర్నల్ బూట్లలో నీళ్ళు వంపుకుంటూ వచ్చాడు.

"చాలా బాగా చేశారు. అయితే ఊళ్ళో గుసగుసలు పుట్టకూడదు. వచ్చే శనివారం టూరు యథాప్రకారం జరగాలి. పెండ్రీ ఇంకో వారం ఇక్కడే ఉంటాడు."

మిస్ టాప్లీ తల ఎత్తింది.

"ఉంటే ఉండనివ్వండి కర్నల్ గారూ, భోజనం నేనే పెడతాను," అంది. "నోరు మాత్రం విప్పనివ్వను."