తిరగబడిన వెన్నెల

"రొట్టెలవాళ్ళ కిటికీ కింద నీకేం పని?" అంది ఫెన్నా, తడి ఆరని అచ్చుకాగితాన్ని ఏవర్ట్ ముఖం మీదికి తెచ్చి.

ఆ కాగితం మీది బొమ్మలో హార్లెం ఊరి శివారు కాలువగట్టు, పక్కపక్కనే ఒకేలా ఉన్న రెండు ఇళ్ళు, పైన నిండు చంద్రుడు. ఎడమవైపు ఇంటి కిటికీ కింద తలెత్తి నిలబడ్డ కుర్రాడు. ఆ నలిగిన టోపీ చూస్తే చాలు, ఏవర్టేనని ఎవరైనా చెబుతారు. నిజం గట్టు మీద ఎడమవైపు ఇల్లు రొట్టెలవాళ్ళది, కుడివైపుది ఫెన్నావాళ్ళది. వాళ్ళకో చక్కని కూతురుంది. ఫెన్నాకు ఒళ్ళు మండదా మరి?

ఏవర్ట్‌కు తన పొరపాటు అప్పుడు తెలిసింది. రాగిరేకు మీద గీసింది కాగితం మీద కుడి ఎడమలు తారుమారై పడుతుందని ఈ పనిలో చేరిన మొదటిరోజే నేర్పుతారు. అందుకే అందరూ తిరగేసి గీస్తారు. ఈ ప్రేమపిచ్చివాడు మాత్రం చూసింది చూసినట్టే గీసి కూర్చున్నాడు.

"మెల్లగా మాట్లాడు. తిప్పి చూసుకో, అది మీ ఇల్లే. నీ కిటికీయే," అని గొణిగాడు.

ఫెన్నా ముఖం ఎర్రబడి, అంతలోనే పాలిపోయింది. ఈ ముద్రణశాల ఆమె తండ్రి బారెండ్‌ది. తన కూతురికి కన్నుగీటాడని పోయినేడు ఒక పనివాణ్ణి మంచులోకి గెంటేసిన మనిషి. కాగితం దాచేలోపే మెట్ల మీద ఆయన చెక్కబూట్లు టకటకలాడాయి.

బారెండ్ బొమ్మ అందుకుని చాలాసేపు చూశాడు. చంద్రుడు బాగా కుదిరాడన్నాడు. తర్వాత ఆ కుర్రాడి మీద వేలు పెట్టాడు. రొట్టెలవాడు తనకు పాత స్నేహితుడేనట. ఆదివారం చర్చి కాగానే వాళ్ళ పిల్లను ఏవర్ట్‌కు అడుగుతాడట.

ఏవర్ట్ నోరు మూసుకుంటే బతికిపోతాడు. కానీ ఫెన్నా ఇక దక్కదు.

అద్దం ఒకటి గోడకు వేలాడుతోంది. దాన్ని తెచ్చి బొమ్మ ఎదురుగా పట్టుకున్నాడు. అద్దంలో కుడి ఎడమలు మారి, కుర్రాడు కుడివైపు ఇంటి కిటికీ కింద కనిపించాడు.

"నిజం ఇదీ, మేస్త్రిగారూ."

బారెండ్ అద్దంలోకి వంగాడు. తన ఇల్లు, తన కూతురి కిటికీ. ఫెన్నా తలుపుకు ఆనుకుంది.

"ఒరేయ్," అన్నాడు చివరికి. "చేతిలో లాంతరైనా లేకుండా ఆ గట్టు మీద నిలబడతావా? జారి కాలువలో పడి చస్తే, నా పిల్లను ఎవరికిచ్చి చేసేది?"