ఏడింటి పాటకు నాలుగింటి సమీక్ష

"కాస్త లేస్తారా? మీరు కూర్చున్నది నా ఐసు పెట్టె మీద."

ఆ అమ్మాయి వెంటనే లేవలేదు. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించి, ఒళ్ళోని లాప్‌టాప్‌లో 'అరవై వేల మంది కళ్ళు ఒక్కసారిగా చెమర్చాయి' అని టైపు చేసి, చుక్క పెట్టి, అప్పుడు లేచింది.

అప్పటికి సాయంత్రం నాలుగైంది. మైదానంలో అరవై వేల మంది లేరు. స్టేజి వెనక వైర్లు లాగేవాళ్ళు ఓ ఇరవై మంది, ముందు వరుస కోసం పొద్దుటినుంచీ కూర్చుని ఎండకు వాడిపోయిన అభిమానులు ఓ రెండు వందల మంది ఉన్నారు. వాళ్ళకు చెమర్చినవి వీపులే.

ఐసు పెట్టె తాలూకు అబ్బాయి స్క్రీన్ వైపు చూశాడు. ఇతరుల రాతలు చూడకూడదని అతనికి తెలుసు. కానీ అక్షరాలు పెద్దవి. 'డాష్ రంగు కోటులో మెరిసిపోయిన పెద్దాయన చివరి పాట చివరి చరణంలో, ఎప్పటిలాగే, ఒక మోకాలు నేలకానించి తల వంచగానే...'

"కోటు రంగు దగ్గర డాష్ ఎందుకండీ?"

"ఇంకా వేసుకోలేదు కదా," అంది ఆమె, అదేం ప్రశ్న అన్నట్టు.

ఆమె ఒక వార్తల సైటులో రిపోర్టరు. మూడు రోజుల మ్యూజిక్ ఫెస్టివల్‌కి ఆ సాయంత్రంతో ముగింపు. ముగింపుకి పాడబోయేది పెద్దాయన. వయసు డెబ్భై రెండు. ఆయనకో పేరుంది గాని, ఆ పేరుతో పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు. ఆఖరి చప్పట్లు ఆగకముందే సమీక్ష పాఠకుడి ఫోన్లో ఉండాలని ఆమె ఎడిటర్‌గారి నియమం. పాట విన్నాక రాస్తే పక్క సైటువాడు ముందు వేసేస్తాడు. అందుకని ఎండైతే ఒకటి, వానైతే ఒకటి ముందే రాసి పెట్టుకుంటారు. పెద్దాయన పోయిన రోజు వెయ్యడానికో వ్యాసం కూడా ఆరేళ్ళుగా సిద్ధంగా ఉంది, తేదీ ఒక్కటే తక్కువ. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఆ ఆఫీసులో ఎవరూ విననట్టుంది.

అతను మెల్లగా, ఈ వాక్యం మార్చుకుంటే మంచిదన్నాడు. పెద్దాయన మోకాలి మీద వాలరు.

"ఆ మాట చెప్పడానికి మీరెవరు?"

"ఆ మోకాలికి ఫిజియోథెరపిస్టునండీ."

ఎనిమిది నెలల కిందట ఆపరేషన్ అయింది. ఇప్పుడాయన కిందికి వాలగలరు, పైకి లేవలేరు. లేవదీయడానికి ఇద్దరు కావాలి. ఆయన వ్యవహారాలన్నీ చూసుకునే కూతురు వేరే ఊళ్ళో ఉంటుంది. నాన్న మోకాలు నేలకు తగిలిన రోజే నీ ఉద్యోగానికి ఆఖరి రోజని ఆవిడ ఫిజియోకి చేరిన రోజే చెప్పింది. అందుకే చివరి చరణానికి ఎత్తు కుర్చీ ఒకటి వేయించాడు. ఆయన కూర్చుని పాడతారు. వారం రోజులుగా అలాగే సాధన చేయిస్తున్నాడు.

ఆ అమ్మాయికీ తన బాధ తనకుంది. ఆర్నెల్లుగా ట్రయల్ మీద వాతావరణ వార్తలు రాస్తోంది. తన పేరుతో వచ్చే మొదటి సమీక్ష ఇదే. ఇది బాగా ఆడితే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే సెలవు. ఎడిటర్‌గారికి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"చూడమ్మా, ముప్పై ఏళ్ళుగా ఆయన ఆ చరణానికి వాలుతూనే ఉన్నాడు," అన్నాడాయన. "నిన్నగాక మొన్నొచ్చిన ఫిజియో చెప్పాడని చరిత్ర మార్చేస్తామా?"

మోకాలు తీసేసి కుర్చీ అని రాస్తే పోయేది ఒక్క మాటే కదా అన్నాడు ఫిజియో.

"కుర్చీకి ఎవరూ ఏడవరండీ," అంది ఆమె.

అతను వెళ్ళి ఎక్కణ్ణించో ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆమె పక్కన వేశాడు. "కూర్చోండి. ఎవరూ ఏడవరు," అని తన పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమె నవ్వు ఆపుకోవడానికి లాప్‌టాప్ మూత అడ్డం పెట్టుకుంది.

ఆరున్నరకి మైదానం నిండింది. ఆమె తల్లి కూడా వచ్చింది. కాలేజీ రోజులనుంచీ పెద్దాయన అభిమాని. నలభయ్యో వరుసలో గొడుగు, మంచినీళ్ళ సీసాతో పాటకు కాకుండా యుద్ధానికి వచ్చినట్టు కూర్చుంది. ముఖ్య అతిథి క్లుప్తంగా ముగిస్తానని పాతిక నిమిషాలు మాట్లాడాడు. తర్వాత నీళ్ళ సీసాల కంపెనీకి, గొడుగుల కంపెనీకి, టెంట్లవాళ్ళకి వేరువేరుగా కృతజ్ఞతలు చెప్పారు.

పెద్దాయన రాగానే అరవై వేల ఫోన్లు లేచాయి. స్టేజి దూరం కనక జనం పెద్ద తెరను చూస్తున్నారు. తెరను కూడా ఫోన్లోనే చూస్తున్నారు. మీ ఫోను నా ఫోనుకి అడ్డమొస్తోందని ముందు వరుసలో ఇద్దరు పెద్దమనుషులు పోట్లాడుకున్నారు. పెద్దాయన నోరు తెరవడానికి అర సెకను ముందే పై స్వరం స్పీకర్లలోంచి వచ్చేస్తోంది, పాతికేళ్ళ కిందట రికార్డు చేసింది. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఆమె డాష్ దగ్గర 'నెమలికంఠం' అని నింపి ఎడిటర్‌గారికి పంపింది. పంపేముందు మోకాలి వాక్యం మీద ఆమె వేలు కాసేపు ఆగింది. ఆగి, కదిలిపోయింది.

చివరి పాటకి చినుకులు మొదలయ్యాయి. గొడుగులు విచ్చుకున్నాయి. ఆమె స్టేజి పక్కన తెర చాటున నిలబడింది. రెండడుగుల అవతల ఫిజియో.

చివరి చరణం వచ్చింది. పెద్దాయన కుర్చీ వైపు వెళ్ళలేదు. స్టేజి అంచుకు నడిచాడు. మైదానం హోరెత్తింది. ఆయన చెయ్యి తొడ మీదికి దిగింది. ఫిజియో కళ్ళు మూసుకున్నాడు.

"వద్దు. వాలొద్దు," అని ఎవరో గొణుగుతున్నారు. ఆ గొంతు తనదేనని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది. ఉద్యోగం నిలవాలంటే ఆ మోకాలు నేలకు తగలాలి. అయినా నోరు ఇంకోలా మొక్కుకుంటోంది. తను ఎవరి పక్షమో ఆ క్షణాన ఆమెకే మొదటిసారి అర్థమైంది. ఆర్నెల్ల ఉద్యోగం కన్నా నాలుగింటినుంచి తెలిసిన మనిషి ఎక్కువెలా అయ్యాడన్న లెక్క తేలలేదు.

పెద్దాయన నేల వైపు, బావి లోతు చూసినట్టు చూశాడు. తర్వాత వెనక్కి నడిచి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ఆలస్యం చేసేసరికి రికార్డు ముందుకు వెళ్ళిపోయింది. దాన్ని నడిపే కుర్రాడు కంగారుపడి ఆపేశాడు. దాంతో ఆ చరణం ఆయన సొంత గొంతుతోనే పాడవలసి వచ్చింది. పలచబడిన గొంతు. మూడు రోజుల్లో మొదటిసారి ఒక పాటలో మాటలు వినిపించాయి.

ఆమె గబగబా లాప్‌టాప్ తెరిచింది. ఎడిటర్‌గారు సమీక్షను రెండు నిమిషాల కిందటే సైటులో పెట్టేశాడు.

గొడుగుల కింద ఫోన్లు మెరవడం మొదలైంది. అక్కడున్నవాళ్ళే, అక్కడేం జరిగిందో తలలు వంచి చదువుకుంటున్నారు. కింద వ్యాఖ్యలు వచ్చి పడుతున్నాయి. 'నేను అక్కడే ఉన్నాను. ఆయన వాలగానే ఏడుపు ఆపుకోలేకపోయాను.' 'ఆ మోకాలు చూశాక ఇక ఈ జన్మకు చాలు.'

జనం కదిలాక తల్లి వెతుక్కుంటూ వచ్చి, ఎంత బాగా వాలాడే, అంది. ఆయన కుర్చీలో కూర్చున్నాడని కూతురు చెప్పింది.

"అది తర్వాత. ముందు వాలాడు. నా కళ్ళతో చూశాను," అంది తల్లి. ఆవిడ ముందు ఏడు గొడుగులున్నాయి.

ఈలోగా ఫిజియో ఫోను మోగింది. పెద్దాయన కూతురు సమీక్ష చదివింది. రేపటినుంచి రానక్కర్లేదంది. వాలలేదని అతను చెబితే, అచ్చులో ఉందిగా, చూసినవాళ్ళు వందల మంది రాశారుగా అని పెట్టేసింది.

అతను కోపంగా ఉన్నా బాగుండేది. "ఆయన వాలలేదని మీకు తెలుసు, నాకు తెలుసు," అన్నాడు మామూలుగా. "ఇంకెవరికీ తెలిసినట్టు లేదు."

అప్పుడే ఆమెకు ఎడిటర్‌గారి మెసేజ్ వచ్చింది. సైటులో ఈ సమీక్షే అన్నిటికన్నా పైన ఉంది, సోమవారం నుంచి పర్మనెంటు, అభినందనలు.

ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుంది. తర్వాత చెయ్యి చాపి అతని ఫోన్ అడిగి తీసుకుంది. చివరగా వచ్చిన నంబరుకే చేసింది.

"మేడమ్, ఆ సమీక్ష రాసింది నేను. సాయంత్రం నాలుగింటికి రాశాను. అప్పటికి మీ నాన్నగారు ఇంకా హోటల్లో నిద్రపోతున్నారు."

ఈ మాట అచ్చులో చెప్పగలవా అని ఆవిడ అడిగింది. ఆమె అక్కడే, వానలో, తల్లి గొడుగు కింద కూర్చుని సమీక్ష మార్చింది. 'పెద్దాయన మోకాలి మీద వాలలేదు. కుర్చీలో కూర్చుని పాడారు. ఇంతకుముందు ఇక్కడున్నది పాటకు మూడు గంటల ముందు రాసినది.' కింద తన పేరు అలాగే ఉంచింది.

నిజం ఆ సైటులో పదకొండు నిమిషాలుంది. అంతలోనే పాఠకులు విరుచుకుపడ్డారు. రాసినావిడ అసలు ఆ మైదానానికి వెళ్ళిందా అని ఒకాయన నిలదీశాడు. పన్నెండో నిమిషంలో ఎడిటర్‌గారు మోకాలిని తిరిగి నేలకు ఆనించాడు. ఆమె పేరూ, ఆమె సోమవారమూ తీసేశాడు. అయితే పెద్దాయన కూతురు ఆ పదకొండు నిమిషాల్లోనే చదివింది. ఫిజియో ఉద్యోగం నిలిచింది.

ఆమెకు ఒక ఆసుపత్రిలో, ఆపరేషన్ అయినవాళ్ళు పాటించాల్సిన సూచనలు రాసే పని దొరికింది. అక్కడ జరగనిది రాస్తే ఎవరైనా కాలు విరగ్గొట్టుకుంటారు కనక ఎవరూ తొందరపెట్టరు. తర్వాతి మూడు వారాల్లో ఆమె, ఫిజియో ఏడుసార్లు కలుసుకున్నారు. మొదట్లో ప్రతిసారీ ఒక కారణం చెప్పుకునేవారు. నాలుగోసారికి కారణాలు అయిపోయాయి. ఎనిమిదోసారి అతను వాళ్ళింటికి వచ్చాడు.

తల్లి అతని చదువు, ఊరు, ఇంట్లో ఎంతమంది, అన్నీ అడిగింది. జవాబులన్నిటికీ తలాడించింది గాని ముఖం విప్పలేదు. చివరికి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"బాబూ, మీరు స్టేజి మీదే ఉన్నారుగా. మా అమ్మాయి నమ్మడం లేదు. ఆయన వాలారా, లేదా?"

అతను ఆ అమ్మాయి వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి ఎదురింటి గోడను శ్రద్ధగా చూస్తోంది. ఆ ఒక్క మాట కోసం ఆమె ఏం పోగొట్టుకుందో ఆ గదిలో అతనికే తెలుసు. ఎదురుగా కాబోయే అత్తగారు. టీ చల్లారుతోంది.

"వాలారండీ," అన్నాడు. "చాలా నెమ్మదిగా."

తల్లి ముఖం చాటంత అయింది. పెళ్ళి ఎప్పుడు పెట్టుకుందామనుకుంటున్నారని అడిగి, సమాధానం వినకుండానే అక్కకి ఫోన్ చెయ్యడానికి లోపలికి వెళ్ళింది.

అతన్ని మెట్లదాకా దిగబెట్టడానికి ఆమె వచ్చింది. సగం మెట్లు దిగాక అతను తనే అందుకుని, ఆవిడ ముప్పై ఏళ్ళుగా చూస్తున్నారు, నేను ఎనిమిది నెలలుగా చూస్తున్నాను, ఆవిడ మాట కాదనడానికి నేనెంతవాణ్ణి అన్నాడు.

"అమ్మకి ఇదొక్కటీ చెల్లింది," అంది ఆమె. "నాకు మాత్రం కుర్చీ అంటే కుర్చీ అనే చెప్పాలి."

"కావాలంటే రాసిస్తాను."

"వద్దు," అంది ఆమె, అతని చెయ్యి పట్టుకుని. "రాసినవి నేను నమ్మను."