బాగున్నవాళ్ల నెత్తురు

పొయ్యి మీద పాలు పొంగితే కోడలు మంట ఆపింది గానీ, గిన్నె దించడం మరిచి అలాగే నిలబడిపోయింది. ఆమె పని ఆసుపత్రి ల్యాబులో, క్షయ రోగుల నెత్తురులో కబుర్లు మోసే ప్రోటీన్లను కొలవడం. ఒంట్లోకి శత్రువు దూరితే "రండి రండి" అని రక్షక కణాలను కేకేసి పిలిచేవి అవేనట. ఆ కేకలెంత గట్టివో తెలియాలంటే బాగున్నవాళ్ల నెత్తురు పక్కన పెట్టి చూడాలి. అందుకు మనుషులు కావాలంటే అత్తగారే చెయ్యి చాపింది. "నాది తీసుకోవే. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అని గొప్పగా చెప్పింది కూడా.

"అత్తయ్యా, మీకు దగ్గేమైనా ఉందా?"

"నాకెందుకుంటుందే? పొద్దున్నే ఏం మాటలివి?"

"మీ నెత్తురు బాగున్నవాళ్లదిలా లేదు. మళ్లీ చేసినా అంతే. లెక్కలన్నీ తారుమారు చేశానని మా మేడం నన్ను కడిగేసింది."

"అయితే మీ మిషనుకే రోగం పట్టుంటుంది. దానికి పట్టించు మందు!"

కోడలికి నవ్వు రాలేదు. "సరే, మిషనుకి పట్టిస్తాను. పాప రోజూ మీ చెయ్యి మీద తల పెట్టుకుని పడుకుంటోంది. దానికేం పట్టించమంటారు?"

అత్తగారు గోడకి ఆనుకుంది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకి తెలియలేదు.

"ఉంది" అందావిడ మెల్లగా. "చాన్నాళ్లుగా. దగ్గొస్తే కుళాయి తిప్పి ఆ నీళ్ల చప్పుడులో దగ్గేదాన్ని."

"మరి నెత్తురెందుకిచ్చారు?"

"వెనకాడితే అనుమానపడతావని. మా అమ్మకి ఈ జబ్బొస్తే వెనక సామాన్ల కొట్లో పడేశారే. అన్నం గుమ్మంలో పెట్టి పరుగెత్తేవాళ్లు."

"మిమ్మల్నెవరూ పడెయ్యరు. నెత్తురొక్కటే చూసి ఫలానా జబ్బని తేల్చలేం, కఫం చూపించాలి. అదే అయినా మందులకి తగ్గుతుంది. పాపకీ, మాకూ కూడా పరీక్ష చేయిద్దాం." కోడలు పాలగిన్నె దించి పక్కన పెట్టింది. "రోజూ ఎవరెవరి నెత్తురో చూస్తాను గానీ, పక్కగదిలో దగ్గు వినలేకపోయాను. సిగ్గేస్తోంది అత్తయ్యా."

"వినబడకుండా దాచింది నేను. ఆ సిగ్గు నాదేలే, నీకెందుకు?"

అంతలో పాప నిద్రకళ్లతో, చేతులు బార్లా చాపుకుని "నానమ్మా" అంటూ పరుగెత్తుకొచ్చింది. ఆవిడ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గబుక్కున వెనక్కి జరిగింది.

"అక్కడే ఆగు బంగారూ!"

పాప బిక్కమొహం వేసింది. "నేనేం తప్పు చేశాను?"

"నువ్వు కాదు తల్లీ. నేను."

కోడలు పాపని భర్తకి అప్పగించి వచ్చి, ఆసుపత్రికి బయల్దేరదీస్తూ అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఒకసారి విడిపించుకోబోయింది. కోడలు వదల్లేదు.