ఇరవై రెండు మీటర్ల అబద్ధం

కెమిస్ట్‌ని చంపినవాళ్లు అతని పర్సు, గడియారం ముట్టుకోలేదు. జేబులోని చిన్న గాజు సీసా మాత్రం పట్టుకుపోయారు.

"అందులో ఏముంది సర్?" అడిగాడు ఏజెంట్.

"జెల్," అన్నాడు చీఫ్. "చమురు బావిలో నీళ్లూ వస్తాయి. మన బావుల్లో ఈమధ్య పది పాళ్లలో తొమ్మిది నీళ్లే. నీటిపొరలోకి ఈ జెల్ పంపితే గడ్డకట్టి దారి మూసేస్తుంది. చమురుపొరలోకి వెళ్లిందా, బావి చచ్చినట్టే. రేపే మొదటి బావికి పంపింగ్. అది చెడితే మిగతా బావులు కూడా మూసేసి చమురు కోసం పరాయివాళ్ల గుమ్మం ముందు నిలబడాలి. ఆయన్ని చంపిన విదేశీ ముఠాకి కావలసింది అదే."

"చమురు కంపెనీ లోపల మనవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఒకామె. కోడ్ నేమ్ నెమలి. బావి లోతులు చూసే ఎనలిస్ట్. మనకి పనిచేస్తోందో, వాళ్లకో, ఇద్దరికీనో తెలీదు." చీఫ్ ఫైలు మూశాడు. "పోయింది మీ బావ. రూల్ ప్రకారం నిన్ను పంపకూడదు."

"మరి?"

"ఆ జెల్ సంగతి ఆయన నోట విన్న ఏజెంట్‌వి నువ్వొక్కడివే."

బయల్దేరేముందు అక్క దగ్గరికి వెళ్లాడు. "ఆయన్ని చంపించిందెవరో తెలిస్తే నాకు చెప్తావా తమ్ముడూ?" అంది ఆమె.

తెల్లవారి తొమ్మిదింటికి, పెట్టుడు మీసం, నూనె మరకల యూనిఫాంతో పంప్ ఆపరేటర్‌గా, బ్యారెళ్లు లెక్కించే మీటర్ ముందు నిలబడ్డాడు. జెల్ బావిలోకి దిగుతోంది. అడుగుకి చేరడానికి నలభై బ్యారెళ్లు పట్టాలి.

పట్టు స్కార్ఫు, నల్లకళ్లద్దాలతో ఒకామె బురదలో హై హీల్స్ మీద తొణక్కుండా నడిచి వచ్చింది.

"ఈ బావి నీళ్లు తీపేనా?" అన్నాడతను.

"తాగినవాళ్లెవరూ చెప్పలేదు." కోడ్ కలిసింది. నెమలి గొంతు తగ్గించింది. "ప్యాకర్ తప్పు లోతులో ఉంది."

ప్యాకర్ అంటే గొట్టం చుట్టూ బిగిసే రబ్బరు బిరడా. జెల్ దాని కిందికే పోతుంది.

"పద్దెనిమిది వందల పన్నెండు మీటర్ల దగ్గర ఉండాలి. ఇరవై రెండు మీటర్లు పైన బిగించారు, చమురుపొరకి పైన. కాగితం మార్చింది నేనే."

"ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

"సీసా సంగతి వాళ్లకి చేరవేసిందీ నేనే. సీసా తీసుకుంటారనుకున్నాను. మనిషిని తీసేస్తారనుకోలేదు."

"ఆ మనిషి మా అక్క భర్త," అన్నాడతను. బావను చంపించిన మనిషి మాట నమ్మాలి. సరిగ్గా దిగుతున్న జెల్‌ని అతని చేతే ఆపించే ఎత్తు కావచ్చు ఇది.

మీటర్: ముప్పై నాలుగు.

"సర్," సైట్ సూపర్‌వైజర్‌ని కేకేశాడు. "లోతు తప్పంటున్నారీమె."

సూపర్‌వైజర్ నింపాదిగా వచ్చాడు. తప్పు కాదనుకునే ఇంజనీరు కాగితం తీసి చూపిస్తాడు. ఇతను పిస్టల్ తీశాడు.

నెమలి అడ్డం పడింది. గుండు ఆమె భుజంలో దిగింది. ఏజెంట్ విసిరిన పైపు రెంచి సూపర్‌వైజర్ మణికట్టుకి తగిలింది. పిస్టల్ బురదలో పడింది. రిగ్ మీది పనివాళ్లు సూపర్‌వైజర్ మీద పడి పట్టుకున్నారు.

మీటర్: ముప్పై ఎనిమిది.

ఆమె నేలమీద రక్తం మడుగులో ఉంది. ఆమె వైపు వెళ్లాలో, పంపు వైపు వెళ్లాలో ఒక్క క్షణం తేల్చుకోలేకపోయాడు. పంపు వైపే పరిగెత్తాడు.

ముప్పై తొమ్మిదిన్నర దగ్గర మీటర్ ఆగింది. ప్యాకర్ బిగింపు సడలించి, వాల్వు తిప్పి, పక్క లైన్లోంచి గొట్టం చుట్టూ ఉన్న ఖాళీలోకి నీళ్లు తోశాడు. జెల్ గట్టిపడకముందే, వచ్చిన దారినే వెనక్కి పైకొచ్చింది. అప్పుడు వెళ్లి ఆమె గాయాన్ని అదిమిపట్టాడు.

"నన్ను బతికిస్తే మీ అక్కకి ఏం చెప్తావు?" అంది నెమలి, కళ్లు మూసుకునే.

"ఇంకా తెలీదు."

ఆమె బతికింది. అక్కకి చెప్పాడు. అక్క లోపలికెళ్లి తలుపేసుకుంది.

వారం తర్వాత సరైన లోతులో జెల్ పంపారు. నీళ్లు సగానికి తగ్గాయి. మర్నాడే పంప్ ఆపరేటర్ పేరిట కంపెనీ మెమో వచ్చింది: పై అధికారి అనుమతి లేకుండా పంపు ఆపినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.