చేతులు మారిన డిస్క్

"పులికాట్ రొయ్యలు వచ్చినాయా?"

"వచ్చేలోపు ఐసు కరిగిపోయింది."

కోడ్ సరిపోయింది. శ్రీకాళహస్తి బస్టాండులో ఏజెంట్ ఎస్తేరు పక్కన చీఫ్ మునిరత్నం కూర్చున్నాడు. ఏర్పేడు దగ్గరి రహస్య డేటా సెంటర్లో ఈ ఉదయమే మైగ్రేషన్, అంటే పాత సర్వర్ల పనంతా కొత్తవాటికి మార్చడం. వర్చువల్ మెషిన్లు, అంటే సర్వర్లలో నడిచే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లన్నీ, పాత ప్లాట్‌ఫాం నుంచి కొత్తదానికి నెట్‌వర్క్ మీదే వెళ్లిపోతాయి. ఒక్కదానికి మాత్రం నేరుగా తగిలించిన డిస్క్ ఉంది. అది నెట్‌వర్క్ మీద కాపీ అవదు. పాత సర్వర్లోంచి మనిషే పీకి కొత్తదాంట్లో పెట్టాలి. ఆ కాస్త సందులో దాన్ని కాజేయాలని విదేశీ ముఠా కాచుకుంది.

"దాంట్లో మన ఏజెంట్ ఉబేద్ పడవ తిరిగే దారి ఉండాది. జాలరి వేషంలో ముఠా మధ్యనే ఉండాడు. డిస్క్ పోయిందంటే పొద్దుగూకేలోపు వాడుండడు. లోపల మన కోమలి సాయం చేస్తాది," అన్నాడు మునిరత్నం.

ఉబేద్ పులికాట్ సరస్సులో శవమై తేలినట్టు, వాళ్ళమ్మకు ఆ కబురు తనే మోసుకెళ్లినట్టు ఎస్తేరుకు అప్పుడే కళ్లకు కట్టింది.

ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ వేషంలో ఆమె సర్వర్ రూంలో అడుగుపెట్టేసరికి సెంటు ఘుమఘుమ. కన్సల్టెంట్ వేషంలో కోమలి. ఆమె నవ్వుకే ఇంజనీర్ వెంకటముని సగం కరిగిపోయి ఉన్నాడు. స్క్రీన్ మీద నూరు శాతం పూర్తయినట్టు వచ్చింది. మెషిన్ ఆపారు. కోమలి డిస్క్ పీకి, ర్యాక్ చుట్టూ తిరిగి వచ్చి అతని చేతికిచ్చింది.

అతను దూర్చబోతుంటే ఎస్తేరు అడ్డుపడింది. బిడ్డకు జ్వరం చూసినట్టు చేతివేళ్ల వెనకవైపు దాని మీద ఆనించింది.

"ఇంతసేపూ పనిచేసిన డిస్క్ ఇంత సల్లగా ఉంటాదా అబ్బా?"

వెంకటముని మొహం పాలిపోయింది. కోమలి అప్పటికే గుమ్మం దగ్గరుంది. బయట ఆమె కోసం ఆగిన కారు స్టార్ట్ అయింది. ఎస్తేరు చేతిలోని టెస్టర్ అడుగున బటన్ నొక్కింది. అద్దం తలుపు కోమలి ముక్కు ముందే మూసుకుని లాక్ పడింది.

"నన్నే అనుమానిస్తావా అక్కా? నేను మీ మనిషినే గదా."

"అందర్నీ అనుమానిస్తానమ్మా. నిన్నొక్కదాన్నే వదిలేస్తే ఏం బాగుంటాది?"

ఎస్తేరు ఆమె హ్యాండ్‌బ్యాగ్ మీద చెయ్యి వేసి చూసింది. వెచ్చగా ఉంది.

అందులోంచి బయటికొచ్చిన అసలు డిస్క్ కొత్త సర్వర్లో కూర్చుంది. మెషిన్ లేచింది. ఇక ఆ జాలరి వేషం ప్రమాదమని మునిరత్నం ఉబేద్‌ను వెంటనే వెనక్కి రమ్మన్నాడు. అతను క్షేమంగా ఒడ్డుకు చేరాక ఎస్తేరు ఫోన్ అందుకుంది.

"పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా నాయనా?"

అవతల ఉబేద్ అది ఏ కోడో గుర్తు చేసుకుంటున్నాడు.